ఒత్తి కుదిరాకే అమ్మకం: ఇంటి నుంచి కొవ్వొత్తుల వ్యాపారం

మైనం కరిగించి గ్లాసులో పోయడం ఒక మధ్యాహ్నంలో నేర్చుకోవచ్చు. ఆ గ్లాసు కొన్నవాళ్ల ఇంట్లో చివరిదాకా సరిగ్గా వెలగడానికే ఓపిక కావాలి. విజయనగరం, శ్రీకాకుళం లాంటి ఊళ్లలో వ్యాపారం నిలబడేది దాని మీదే. ఇక్కడ కొనేవాళ్లలో చాలామంది ఒకరికొకరు తెలిసినవాళ్లు. ఒకరింట్లో కొవ్వొత్తి సగంలో ఆరిపోతే ఆ సంగతి సాయంత్రానికల్లా వీధంతా తెలుస్తుంది. అందుకే ఇన్‌స్టాగ్రామ్ ఫొటోల గురించి తక్కువ, ఒత్తి గురించి ఎక్కువ చెబుతాను.

ముందు ఏది అమ్మాలో తేల్చుకోండి

కిరాణా కొట్లో దొరికే తెల్ల కొవ్వొత్తుల ప్యాకెట్‌తో పోటీ పడొద్దు. అవి అచ్చుల యంత్రాల మీద వందల్లో వస్తాయి, ఆ రేటుకు మీకు మైనం ఖర్చు కూడా రాదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు మన దగ్గర రోజుల తరబడి కరెంటు లేదు. అది గుర్తున్నవాళ్లకు తెల్ల కొవ్వొత్తులే మంచి సరుకు అనిపించవచ్చు. కానీ తుపానును నమ్ముకుని వ్యాపారం పెట్టలేం. ఇప్పుడు చాలా ఇళ్లలో ఇన్వర్టర్లో, చార్జింగ్ లైట్లో ఉన్నాయి.

కార్తీక దీపాల మీద కూడా ఆశ పెట్టుకోకండి. ఆ నెలలో వెలిగేవి నూనె, నెయ్యి ఒత్తులే. మైనం దీపాన్ని దేవుడి ముందు పెట్టడానికి మన ఇళ్లలో పెద్దవాళ్లు ఒప్పుకోరు, ఒప్పించే పని మీకెందుకు?

ఇంటి నుంచి చేసేవాళ్లకు పనికొచ్చేవి మూడు నాలుగే. సువాసన వేసిన గ్లాసు కొవ్వొత్తి, సీమంతం, గృహప్రవేశం, పుట్టినరోజు రిటర్న్ గిఫ్టుల కోసం. నీళ్ల మీద తేలే చిన్నవి, దీపావళికీ ఫంక్షన్ అలంకరణకీ. చర్చిల కోసం సన్నని పొడుగువి, లావు స్తంభాల్లాంటివి. వీటిలో ఒక్కటి పట్టుకోండి. ఒకే గ్లాసు, ఒకే మైనం, రెండు వాసనలు, మొదటి ఆరు నెలలకు అది చాలు. గ్లాసు సైజు మారిన ప్రతిసారీ ఒత్తి పరీక్ష మళ్లీ మొదటికొస్తుంది కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

మైనం ఏది కొనాలి

పారఫిన్ మైనం పలకల రూపంలో కిలోల లెక్కన దొరుకుతుంది. కొనేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఎన్ని డిగ్రీలకు కరుగుతుంది? మన ఎండలకు 58 నుంచి 60 డిగ్రీల రకం తీసుకోండి. గ్లాసుల కోసం అమ్మే సోయా మైనం చాలావరకు 50 డిగ్రీల లోపే కరుగుతుంది, కొంచెం ముందే మెత్తబడుతుంది. మే నెలలో రేకుల ఇంట్లోనో, అద్దాలు మూసిన కారులోనో పెడితే దాని పైభాగం జిడ్డుగా చెమట పడుతుంది, ఒత్తి పక్కకు వాలుతుంది. సోయా కావాలని అడిగేవాళ్లు ఉంటారు, దాన్ని సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి వరకు చేయండి. అచ్చుల్లో పోసే కొవ్వొత్తులకు పారఫిన్‌లో 5 నుంచి 10 శాతం స్టియరిక్ యాసిడ్ కలిపితే గట్టిపడతాయి, అచ్చు నుంచి తేలిగ్గా ఊడివస్తాయి.

రంగు కోసం మైనంలో కరిగే రంగులే వాడాలి. వంటలో వాడే రంగు నీళ్లలో కరిగే రకం, మైనంలో చుక్కలు చుక్కలుగా విడిపోయి అడుగున చేరుతుంది. పిల్లల క్రేయాన్లు కరిగించి వేయమని వీడియోల్లో చెబుతుంటారు. అందులోని పొడి ఒత్తి దారాలకు అడ్డుపడుతుంది, మంట చిన్నబోతుంది. వద్దు.

వాసన నూనె కొవ్వొత్తుల కోసం చేసినదే కావాలి. ఒంటికి రాసుకునే సెంటులో స్పిరిట్ ఉంటుంది, వేడి మైనంలో దాన్ని పోయడం ప్రమాదం. మన వైపు మల్లె, సంపెంగ, గంధం అడుగుతారు. ఇచ్ఛాపురం దాటితే వచ్చే గంజాం జిల్లా మొగలిపువ్వు అత్తరుకు పేరున్న చోటు కాబట్టి మొగలి వాసన కూడా మనవాళ్లు ఇట్టే గుర్తుపడతారు. అసలు అత్తరు కొవ్వొత్తిలో వేసేంత చవక కాదు. కొవ్వొత్తులకని అమ్మే మొగలి నూనె తెచ్చుకోండి.

వంటింట్లో పని, వంట పాత్రలతో కాదు

విడిగా ఉంచుకోవాల్సినవి: మూతి ఉన్న స్టీలు జగ్గు ఒకటి, అది కూర్చునే పెద్ద గిన్నె, థర్మామీటరు, గ్రాముల తూకం, పాత న్యూస్‌పేపర్లు. మైనం గిన్నెను నేరుగా మంట మీద పెట్టకూడదు. పెద్ద గిన్నెలో నీళ్లు మరుగుతుంటే అందులో జగ్గు పెట్టి కరిగించాలి. నీళ్లు 100 డిగ్రీలు దాటవు కాబట్టి మైనం కూడా దాటదు. నేరుగా పొయ్యి మీద పెడితే ఆగే చోటు ఉండదు, పొగలు వచ్చి అంటుకుంటుంది. నీళ్లు ఇంకిపోయినా అంతే, మధ్యమధ్యలో చూసి పోస్తుండండి.

మైనం అంటుకుంటే నీళ్లు పోయొద్దు. వేడి మైనం మీద నీళ్లు పడగానే ఆవిరై, మండుతున్న మైనాన్ని చుట్టూ చిమ్ముతాయి. పొయ్యి ఆపి, మూత పెట్టేయండి. పక్కన ఒక బకెట్ ఇసుక ఉండాలి. నైలాన్ చీర, నైటీ కాకుండా నూలు బట్టలు, చెంగు దోపుకుని. చిన్నపిల్లలు నిద్రపోయాకో బడికి వెళ్లాకో ఈ పని పెట్టుకోండి. ఫోను మోగినా సరే, జగ్గు పొయ్యి మీద ఉంటే గది దాటొద్దు.

మిగిలిన మైనాన్ని సింకులో పోయకండి. గొట్టంలో గడ్డకట్టి ప్లంబరు ఖర్చు తెస్తుంది. జగ్గు వేడిగా ఉన్నప్పుడే పేపరుతో తుడిచేస్తే సబ్బు పని కూడా ఉండదు.

పోసే విధానం

గ్లాసులో మీకు కావలసిన ఎత్తు వరకు నీళ్లు పోసి తూచండి. ఆ బరువును 0.87తో గుణిస్తే పట్టే మైనం ఎంతో సుమారుగా తెలుస్తుంది. 150 గ్రాముల నీళ్లు పట్టే గ్లాసుకు 130 గ్రాముల మైనం. వాసన నూనె మైనం బరువులో 6 నుంచి 8 శాతం. ఎక్కువ వేస్తే ఎక్కువ వాసన వస్తుందనుకోవద్దు. మైనం పట్టుకోలేని నూనె పైన చెమటలా తేలుతుంది, మంట మసి కడుతుంది. నూనె అమ్మినవాళ్లు సీసా మీద పరిమితి రాస్తే దానికే కట్టుబడండి.

ఒత్తిని ముందుగా కరిగిన మైనంలో ముంచి, లాగి, పేపరు మీద ఆరబెడితే నిటారుగా నిలుస్తుంది. మన వానాకాలపు తేమకు పత్తి ఒత్తి చెమ్మ పడుతుంది, వెలిగించినప్పుడు చిటపటలాడుతుంది. ఒత్తుల కట్టను మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టుకోండి. ఒత్తి అడుగున రేకు బిళ్ల ఉంటుంది. దానికి మెడ కొంచెం ఎత్తుగా ఉన్న రకం అడిగి తీసుకోండి, మంట గ్లాసు అడుగుదాకా దిగకుండా ఆ మెడ ఆపుతుంది. బిళ్లను గ్లాసు నడిమధ్యలో అతికించి, పైన ఐస్‌క్రీం పుల్లో బట్టల క్లిప్పో అడ్డంగా పెట్టి ఒత్తిని నిలబెట్టండి.

పారఫిన్ పూర్తిగా కరిగి 80 డిగ్రీలకు వచ్చాక పొయ్యి మీంచి దించి వాసన నూనె వేయండి, రెండు నిమిషాలు మెల్లగా కలపండి. 70 నుంచి 75 డిగ్రీల దగ్గర, గోరువెచ్చని గ్లాసులో, ఒక పక్క నుంచి సన్నని ధారగా పోయాలి. సోయా అయితే 55 నుంచి 65 దగ్గర. ఫ్యాను ఆపేయండి. ఉక్కపోతే, తప్పదు. గాలి తగిలితే ఒక పక్క ముందు గట్టిపడి పైన గుంటలు పడతాయి.

పారఫిన్ చల్లారుతూ కుంచించుకుపోతుంది, ఒత్తి చుట్టూ గొయ్యి వస్తుంది. పైపొర గట్టిపడ్డాక సూదితో ఒత్తి పక్కన రెండు మూడు రంధ్రాలు పొడిచి, దాచుకున్న మైనాన్ని కాస్త వేడిగా మళ్లీ పోయండి. అందుకే కరిగించినదంతా మొదటిసారే పోసేయకూడదు.

ఆ రోజే వెలిగించి వాసన రాలేదని కంగారుపడకండి. పారఫిన్‌కు మూడు నాలుగు రోజులు, సోయాకు వారం నుంచి రెండు వారాలు మూతపెట్టి ఉంచాలి.

ఒత్తి పరీక్ష

మొత్తం పనిలో అసలు ఘట్టం ఇది. ఒకేలాంటి గ్లాసులు మూడు తీసుకుని, ఒకే మైనం, ఒకే వాసన వేసి, మూడు మందాల ఒత్తులు పెట్టండి. గ్లాసుల అడుగున నంబర్లు రాయండి. నాలుగు రోజులు ఆగి, గాలి లేని గదిలో మూడూ ఒకేసారి వెలిగించి పక్కనే మీ పని చేసుకోండి.

మొదటిసారి వెలిగించినప్పుడు కరిగిన మైనం గ్లాసు అంచుకు చేరాలి. మూడంగుళాల వెడల్పు గ్లాసుకు దాదాపు మూడు గంటలు పడుతుంది. నాలుగు గంటలకు ఆర్పేయండి. చల్లారాక ఒత్తిని 5 మిల్లీమీటర్లకు కత్తిరించి మర్నాడు మళ్లీ వెలిగించండి. కొవ్వొత్తి అయిపోయేదాకా ఇదే.

మైనం అంచుకు చేరకుండా మధ్యలో బావిలా దిగిపోతే ఒత్తి సన్నం. మంట ఎత్తుగా ఊగుతూ గ్లాసు నల్లబడితే, కరిగిన మైనం లోతు సెంటీమీటరున్నర దాటితే, గ్లాసు చేత్తో ముట్టుకోలేనంత కాలితే ఒత్తి లావు. కొనన నల్లటి బుడిపె కడితే ఒత్తి కాస్త లావైనా అయ్యుండాలి, వాసన నూనె ఎక్కువైనా అయ్యుండాలి. ఒకసారికి ఒక్కటే మార్చండి. ఒత్తి, నూనె రెండూ కలిపి మారిస్తే ఏది తప్పో తెలియదు. గ్లాసులో చివర సెంటీమీటరు మైనం మిగిలినప్పుడు ప్రత్యేకంగా చూడండి, గాజు ఎక్కువ వేడెక్కేది అప్పుడే. పగిలే రకం గాజైతే అక్కడే బయటపడుతుంది. సాదా నీళ్ల గ్లాసులు చవకని తెచ్చేముందు ఈ పరీక్షకు పెట్టండి.

అంతా ఒక నోటుబుక్కులో తేదీతో రాసుకోండి. తర్వాత మల్లెకు బదులు గంధం వేసినా ఒకసారి పరీక్షించాల్సిందే, నూనె చిక్కదనం మారితే మంట మారుతుంది. మొదటి నెల మైనం సగం ఈ పరీక్షలకే పోతుంది. దాన్ని పెట్టుబడిలో రాసుకోండి.

మన దగ్గర దొరికే పాత్రలు

ఉద్దానంలో, కవిటి, సోంపేట, కంచిలి వైపు, కొబ్బరి చిప్పలకు కొదవ లేదు. చిప్పలో కొవ్వొత్తి చూడ్డానికి బాగుంటుంది, బయటి ఊళ్లవాళ్లు ఇష్టపడి కొంటారు. కానీ చిప్ప మండే వస్తువు. పీచు మొత్తం గీకి, గాజు కాగితంతో రుద్ది, ఎండలో బాగా ఆరబెట్టాలి. ఒత్తి సన్నది, నడిమధ్యలో, మెడ ఎత్తు బిళ్లతో ఉండాలి. అంచుదాకా మైనం కరగాలనే నియమం ఇక్కడ పట్టించుకోవద్దు, చిప్ప గోడ దగ్గర కొంత మైనం మిగిలితేనే మంచిది. పళ్లెంలో పెట్టి వెలిగించమనీ, సెంటీమీటరు మిగలగానే ఆపేయమనీ చీటీ పెట్టకుండా చిప్ప అమ్మొద్దు.

సారవకోట మండలం బుడితి ఇత్తడి పనికి పేరున్న ఊరు. చిన్న ఇత్తడి గిన్నెలో కొవ్వొత్తి పోసి ఇస్తే పెళ్లి కానుకగా మంచి ధర పలుకుతుంది. మైనం అయిపోయాక గిన్నె తెస్తే తక్కువకు మళ్లీ నింపి ఇస్తానని చెప్పండి. అలా ఒక్కసారి కొన్నవాళ్లు మళ్లీ మళ్లీ వస్తారు. ఇత్తడి అడుగుదాకా వేడెక్కుతుంది కాబట్టి కింద చెక్క బిళ్ల జతచేయాలి. మట్టి ప్రమిదలు మాత్రం మైనాన్ని పీల్చుకుని నేలకు మరక చేస్తాయి. లోపల మెరుగు పూసినవి దొరికితేనే వాడండి.

రేటు కట్టడం

కింద అంకెలు లెక్క చూపించడానికే, మీ బిల్లుల్లోవి వేసుకోండి. 130 గ్రాముల మైనం కిలో 200 చొప్పున 26 రూపాయలు. వాసన నూనె 9 గ్రాములు, గ్రాము 2 చొప్పున 18. గ్లాసు 35. ఒత్తి, బిళ్ల 4. మూత, లేబులు, పెట్టె 22. గ్యాసు, పగిలినవి, పరీక్షలు కలిపి 10. మొత్తం 115. ఇందులో మీ కూలి లేదు. అయిదు గంటల్లో 20 చేస్తే, గంటకు 60 వేసుకున్నా ఒక్కోదానికి 15. అంటే 130.

దీన్ని 160కి అమ్మితే లాభం కనిపిస్తుంది, కానీ అది ఇంటి గుమ్మం దాకానే. గిఫ్ట్ షాపువాళ్లు నూటికి 30 అడుగుతారు. 250 ధర పెడితే షాపు పోను మీకు 175 వస్తుంది, 45 మిగులుతుంది. నేరుగా అమ్మితే 120. షాపులో ఒక ధర, ఇంటి దగ్గర ఒక ధర పెట్టకండి, షాపువాడికి తెలిస్తే సరుకు వెనక్కి ఇస్తాడు. “ఏటమ్మా, కొవ్వొత్తికి ఇంత రేటా?” అనేవాళ్లు ఉంటారు. ఎన్ని గంటలు వెలుగుతుందో చెప్పండి, పరీక్షల నోటుబుక్కులో ఆ అంకె మీ దగ్గర ఉంటుంది.

చుట్టాల సంగతి వేరే. “మనవాళ్లమే కదా” అని వదినలూ పిన్నులూ ఒకటి తీసుకెళ్తారు. వాళ్ల కోసం అంచులు బాగా రాని వాటిని చిన్న డబ్బాల్లో పోసి ఉంచండి. అమ్మే సరుకులోంచి ఇవ్వొద్దు.

కాగితాలు

చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం చేసే ఉద్యమ్ నమోదు ఆధార్, పాన్‌తో ఆన్‌లైన్‌లో ఉచితంగా అవుతుంది. బ్యాంకులో ముద్ర శిశు రుణం 50,000 వరకు అడగవచ్చు, కానీ ఒత్తి పరీక్షలు పూర్తికాకుండా అప్పు తేవద్దు. డ్వాక్రా సంఘంలో ఉంటే అక్కడి అప్పూ, సంఘం తరఫున మేళాల్లో దొరికే స్టాలూ మీకు ముందు దారి. బ్యాంకులు నడిపే స్వయం ఉపాధి శిక్షణ కేంద్రం ఆర్‌సెటీలో శిక్షణ ఉచితం, భోజనం, వసతితో సహా. మీ జిల్లాలో కొవ్వొత్తుల బ్యాచ్ ఎప్పుడో కనుక్కోండి.

ప్యాక్ చేసి అమ్మే సరుకు మీద తయారీదారు పేరు, చిరునామా, నికర బరువు, తయారైన నెల, సంవత్సరం, అన్ని పన్నులతో కలిపి ఎమ్మార్పీ, ఫిర్యాదుకు ఫోను నంబరు ఉండాలి. తూనికలు కొలతల శాఖ దగ్గర ప్యాకరుగా నమోదు కావాలి. రాష్ట్రంలోపల సరుకు అమ్మకం ఏడాదికి 40 లక్షలు దాటేదాకా జీఎస్టీ నమోదు అక్కర్లేదు. ఇచ్ఛాపురం వాళ్లు బరంపురంలో అమ్మాలనుకుంటే అది వేరే రాష్ట్రం అవుతుంది, ముందుగా ఒక ఆడిటరును అడగండి.

పెట్టె మీద ఇంకో నాలుగు మాటలు తెలుగులో: ఒకేసారి నాలుగు గంటలకు మించి వెలిగించవద్దు, ప్రతిసారీ ఒత్తి కత్తిరించండి, ఫ్యాను కింద, కర్టెన్ల దగ్గర పెట్టవద్దు, పిల్లలకు అందనివ్వవద్దు.

ఎప్పుడు, ఎవరికి

విజయనగరంలో దసరా వెళ్లిన తర్వాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. మూడు లాంతర్ల దగ్గర ఇసుకేస్తే రాలనంత జనం. వాళ్లెవరూ సువాసన కొవ్వొత్తి కోసం రారు. అక్కడ స్టాలు పెట్టి డబ్బు పోగొట్టుకోకండి. కానీ ఆ వారం హైదరాబాద్, బెంగళూరు నుంచి పిల్లలు ఇంటికొస్తారు, తిరిగి వెళ్లేటప్పుడు ఏదైనా తీసుకెళ్లాలని చూస్తారు. వాట్సాప్ స్టేటస్ బాగా పనిచేసే వారం అది. ఫొటో కిటికీ వెలుతురులో తీస్తే చాలు.

దీపావళి నీటి కొవ్వొత్తుల ఆర్డర్లు ఆగస్టులోనే మొదలుపెట్టాలి. నవంబరు 2న సమాధుల పండుగ, ఆ రోజు క్రైస్తవ కుటుంబాలు సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగిస్తాయి. ఆరుబయట గాలికి నిలవాలి కాబట్టి లావుగా, పొట్టిగా, సువాసన లేకుండా చేయండి. క్రిస్మస్ ముందు రాత్రి, డిసెంబరు 31 రాత్రి ఆరాధనలకు సన్నని పొడుగువి కావాలి, చేతి మీద మైనం కారకుండా ఒక్కోదానికి కాగితం గిన్నె తొడగాలి. పాస్టరు గారినో సంఘ పెద్దలనో అక్టోబరులో కలిసి, రెండు నమూనాలు ఇచ్చి, ఎన్ని కావాలో అడగండి. డిసెంబరులో వెళ్తే అప్పటికే ఎవరికో చెప్పేసి ఉంటారు. ఈ ఆర్డర్లలో ఒక్కోదాని మీద మిగిలేది తక్కువే, కానీ సగం అడ్వాన్సు తీసుకుంటే మైనం డబ్బు చేతికొస్తుంది.

పెళ్లి ముహూర్తాలు లేని ఆషాఢంలో రిటర్న్ గిఫ్టుల ఆర్డర్లు పడిపోతాయి. ఏప్రిల్, మే నెలల్లో సరుకు తక్కువ పోయండి. పోసినవి అటక మీద కాకుండా కింద, చల్లగా ఉండే గదిలో పెట్టండి, డెలివరీ ఉదయమే పంపండి. బొబ్బిలికో పాలకొండకో బస్సులో పార్సిల్ వేస్తే గ్లాసుకూ గ్లాసుకూ మధ్య అట్ట ఉండాలి. ఎవరైనా కొవ్వొత్తి బాగా వెలగలేదని ఫోను చేస్తే వాదించకండి, ఫొటో పంపమనండి. అడుగున రాసిన బ్యాచ్ నంబరు అడిగి, నోటుబుక్కు తీసి చూసి, అదే బ్యాచ్‌లో మిగిలిన గ్లాసు ఒకటి మీరే వెలిగించి చూడండి. లోపం మీదైతే ఆ బ్యాచ్ కొన్నవాళ్లందరికీ కొత్తవి పంపండి.